మీట మీద ముద్రించిన గుర్తు తెర మీద ఎందుకు రాదు?

మా పిన్ని కొడుకు బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎస్పీ రోడ్డుకు వెళ్లి ఒక ల్యాప్‌టాప్ కొన్నాడు. విదేశీ కార్యాలయాల్లో కొన్నేళ్లు వాడి వదిలేసిన వాటిని బాగుచేసి, కొత్త ధరలో కొంత భాగానికే అమ్మే దుకాణాలు అక్కడ ఉన్నాయి. యంత్రం మంచిదే. మర్నాడు రాత్రి మారతహళ్లిలోని తన హాస్టల్ గది నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, మెయిల్ పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాను. పదిసార్లు చూసుకున్నాను. తప్పు అనే వస్తోంది."

పాస్‌వర్డ్‌లో @ ఉందా అని అడిగాను. ఉందన్నాడు. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే తప్ప అక్షరాలు కనబడవు కాబట్టి, ముందు నోట్‌ప్యాడ్ తెరిచి అక్కడ ఆ గుర్తు కొట్టి చూడమన్నాను. కొట్టాడు. కాసేపు మాట్లాడలేదు.

"@ ముద్రించి ఉన్న మీటే నొక్కాను అన్నా. కోట్ గుర్తు పడింది."

యంత్రంలో దోషం లేదు. అతని వేలిలోనూ లేదు. ఆ మీటల మీది ముద్ర బ్రిటన్ వాడుకకు తగ్గట్టు వేసినది. లోపలి విండోస్ మాత్రం అమెరికా పద్ధతిలో నడుస్తోంది. ఈ రెంటి మధ్య తేడా వల్ల ఎంతమంది సతమతమవుతున్నారో చూశాక, దీన్ని మొదటి నుంచి విడమరచి రాయాలనిపించింది. ₹ కొట్టడం రాక "రూ" తో సరిపెట్టుకునేవారికీ, తెలుగులో "సాఫ్ట్‌వేర్" అని రాయబోతే "సాఫ్ట్వేర్" అని పడి చిరాకుపడేవారికీ ఎదురయ్యేది లోతుల్లో ఒకే విషయం.

మీట పంపేది అక్షరం కాదు, తన చోటు

కీబోర్డులోని మీటకు తన మీద ఏముందో తెలియదు. నొక్కగానే అది కంప్యూటర్‌కు ఒక సంఖ్య పంపుతుంది. "పై నుంచి రెండో వరుసలో ఫలానా చోట ఉన్న మీట నొక్కారు" అన్నంత వరకే ఆ సంఖ్యకు అర్థం. ఆ చోటుకు ఏ అక్షరం ఇవ్వాలో నిర్ణయించేది కంప్యూటర్ లోపల ఉండే ఒక పట్టిక. సెట్టింగుల్లో కీబోర్డ్ లేఅవుట్ అని కనిపించేది అదే. తెలుగులో దాన్ని అమరిక అందాం.

అమరిక అక్షరాన్ని నిర్ణయించాక, ఆ అక్షరానికి ఒక సంకేత సంఖ్య ఉంటుంది. ఫైలులో దాచేది, మెయిల్‌లో పంపేది ఆ సంఖ్యనే. చివరగా ఫాంటు ఆ సంఖ్యను చూసి తన దగ్గరున్న బొమ్మ గీస్తుంది. అంటే వేలికీ తెరకీ మధ్య నాలుగు మజిలీలు ఉన్నాయి: మీట, అమరిక, సంకేత సంఖ్య, ఫాంటు. గుర్తు రాకపోయినా, తప్పుగా వచ్చినా, గళ్లపెట్టెగా మారినా పొరపాటు ఈ నాలుగింట్లో ఎక్కడో జరిగి ఉంటుంది. ఎక్కడో తెలిస్తే సగం పని అయినట్టే.

మా తమ్ముడి విషయంలో పొరపాటు మొదటి రెంటి మధ్య జరిగింది. అమెరికా అమరికలో షిఫ్ట్ పట్టి 2 నొక్కితే @ వస్తుంది. బ్రిటన్ అమరికలో అదే చోట " వస్తుంది, @ ఎంటర్ వైపున్న కోట్ మీటకు వెళ్తుంది. షిఫ్ట్‌తో 3 నొక్కితే అమెరికాలో #, బ్రిటన్‌లో £. బ్రిటన్ కీబోర్డులో # కు ఎంటర్ పక్కన విడిగా ఒక మీట ఉంటుంది. కంప్యూటర్ అమెరికా అమరికలో ఉంటే ఆ మీట నుంచి # రాదు, వెనక్కి వాలిన గీత వస్తుంది. ఎదుట కనిపించే ముద్రను నమ్మినవారికి ఇదంతా యంత్రం మొండికేసినట్టు తోస్తుంది.

యూరప్ లోపలికి వెళ్తే తేడాలు ఇంకా పెరుగుతాయి. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ చోట్లు మారి ఉంటాయి. అక్కడ @ కావాలంటే స్పేస్ బార్‌కు కుడివైపున్న ఆల్ట్ జీఆర్ (మన కీబోర్డులో కుడి ఆల్ట్ ఉండే చోటే) పట్టి క్యూ నొక్కాలి. ఫ్రెంచ్ కీబోర్డు పై వరుసలో అంకెలు కావాలన్నా షిఫ్ట్ పట్టాలి. @ అక్కడ ఆల్ట్ జీఆర్‌తో సున్న మీట మీద ఉంటుంది. వాడిన ల్యాప్‌టాప్ కొనేవారు దుకాణంలోనే ఒక్క నిమిషం మీటలు చూసుకోవడం మంచిది. 2 పైన @ ఉంటే అమెరికా రకం. మన దేశంలో కొత్తగా అమ్మేవన్నీ దాదాపు ఇవే. 2 పైన కోట్ గుర్తు, 3 పైన £ ఉంటే బ్రిటన్. ఎంటర్ మీట రెండు వరుసల ఎత్తున తలకిందులైన ఇంగ్లిష్ "ఎల్" అక్షరంలా ఉండి, ఎడమ షిఫ్ట్ పొట్టిగా ఉండి దాని పక్కన అదనంగా ఒక మీట కనిపిస్తే అది యూరప్ దేశాల కోసం చేసినది.

ఇదే గందరగోళం పాత ల్యాప్‌టాప్ కొననివారికీ వస్తుంది. విండోస్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే, లేదా విండోస్ మీటతో స్పేస్ నొక్కితే, ఒక అమరిక నుంచి మరో అమరికకు మారిపోతుంది. చేయి తగిలి అలా మారినప్పుడు నిన్నటి దాకా పనిచేసిన కీబోర్డు ఇవాళ పాడైందని అనుకుంటారు. ఇంకొక రకం చిక్కు కూడా ఉంది. కోట్ గుర్తు నొక్కితే ఏమీ రాదు, తరువాతి అక్షరం నొక్కగానే రెండూ కలిసి పడతాయి, లేదా ఆ అక్షరం మీద చిన్న గీత వచ్చి కూర్చుంటుంది. అది అమెరికా అంతర్జాతీయ అమరిక లక్షణం. స్పానిష్, ఫ్రెంచ్ రాసేవారికి అక్షరాల నెత్తిన పెట్టే గీతలు సులువుగా రావాలని కోట్ మీటను అలా వేచి ఉండేలా చేశారు. కోట్ తరువాత స్పేస్ నొక్కితే కోట్ మాత్రమే వస్తుంది. ఆ భాషలు రాయనివారు అమరికను మార్చుకుంటే చాలు.

నాలుగో అంకె మీది ₹

రూపాయి గుర్తు వయసు చాలా తక్కువ. తమిళనాడుకు చెందిన డి. ఉదయకుమార్ గీసిన రూపాన్ని కేంద్ర మంత్రివర్గం 2010 జూలై 15న ఆమోదించింది. దేవనాగరి "ర", రోమన్ "ఆర్" కలిసిన రూపం అది. ప్రపంచ లిపుల అక్షరాలన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 6.0 వెర్షన్‌లో దానికి 20బి9 అనే సంఖ్య ఇచ్చింది. ఈ లెక్క పదహారు అంకెల పద్ధతిలో ఉంటుంది. మనం రోజూ వాడే పదంకెల పద్ధతిలో అది 8377.

ఆమోదానికీ యూనికోడ్ సంఖ్యకూ మధ్య దొరికిన ఆ కొద్ది నెలల్లో జరిగింది నాకు ఎప్పుడూ ఆసక్తికరంగా ఉంటుంది. గుర్తు వచ్చింది, అందరూ వాడాలని ఉబలాటపడుతున్నారు, కానీ దానికి సంఖ్య లేదు. మంగళూరుకు చెందిన ఫొరాడియన్ అనే సంస్థ ఒక ఉపాయం చేసింది. కీబోర్డు ఎడమ పై మూలన ఎవరూ పెద్దగా వాడని ` గుర్తు ఉంటుంది కదా, దాని స్థానంలో రూపాయి బొమ్మ గీసిన ఫాంటును ఉచితంగా విడుదల చేసింది. ఆ ఫాంటు ఉన్నచోట ₹ కనబడేది. అదే ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే `500 అని కనబడేది. ఎందుకంటే ఫైలులో దాచిన సంఖ్య ` దే, రూపాయిది కాదు. తెలుగులో డీటీపీ చేసినవారికి ఈ అనుభవం కొత్త కాదు. యూనికోడ్‌కు ముందు నాటి తెలుగు ఫాంట్లు చాలావరకు ఇలాగే రోమన్ అక్షరాల సంఖ్యల మీద తెలుగు బొమ్మలు తగిలించినవే. ఆ ఫాంటు తీసేయగానే పేజీ అంతా అర్థంలేని రోమన్ అక్షరాలుగా మారేది.

ఇప్పుడు మన దేశంలో అమ్మే చాలా కీబోర్డుల మీద 4 మీట మూలన చిన్న ₹ ముద్రించి ఉంటుంది. కుడి ఆల్ట్ పట్టి 4 నొక్కితే అది రావాలి. చాలామందికి రాదు. కారణం మళ్లీ అమరికే. విండోస్‌లో "ఇంగ్లిష్ ఇండియా" అనే అమరిక ఉంది. అది పెట్టుకుంటేనే కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే ₹ వస్తుంది. ఎడమ కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టి 4 నొక్కినా వస్తుంది. అమెరికా అమరికలో కుడి ఆల్ట్‌కు ఆ పని లేదు. అక్కడ అది ఎడమ ఆల్ట్‌కు జంట మాత్రమే.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. విండోస్‌లో భాష వేరు, అమరిక వేరు. భాష "ఇంగ్లిష్ ఇండియా" అని ఉండి, దాని కింద కీబోర్డు మాత్రం "యూఎస్" అని ఉండవచ్చు. తెర కింద మూలన భాష పేరు చూసి అంతా సరిగ్గా ఉందనుకుంటాం. సెట్టింగుల్లో ఆ భాష ఎంపికల్లోకి వెళ్లి, కీబోర్డుల జాబితాలో ఏముందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. బ్రిటన్ అమరికలో అయితే ఆల్ట్ జీఆర్‌తో 4 నొక్కినప్పుడు ₹ బదులు € వస్తుంది. ఒకే మీట, ఒకే కదలిక, మూడు అమరికల్లో మూడు ఫలితాలు: ఒకచోట రూపాయి, ఒకచోట యూరో, ఇంకొకచోట ఏమీ లేదు.

అమరిక సరిగ్గా ఉన్నా అడ్డుపడేది మరొకటి: మనం వాడే ప్రోగ్రాం. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, 4 అంటే నాలుగో స్థాయి శీర్షిక పెట్టమని. ఒకే మీటల కలయిక మీద అమరికకూ ప్రోగ్రాంకూ ఇద్దరికీ హక్కు ఉన్నప్పుడు రూపాయి బదులు వాక్యం శీర్షికగా మారిపోవచ్చు.

లినక్స్‌లో "ఇంగ్లిష్ ఇండియా, రూపాయితో" అనే పేరుతోనే ఒక అమరిక ఉంది, అందులోనూ ఆల్ట్ జీఆర్, 4 కలిస్తే ₹. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ కలిపి నొక్కితే గుర్తులన్నీ ఉన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో వెతికి తీసుకోవచ్చు. విండోస్‌లో దానికి సాటి వచ్చేది విండోస్ మీట, ఫుల్‌స్టాప్ కలిపి నొక్కితే వచ్చే చిన్న పలక. అది ఇమోజీల కోసమని చాలామంది పొరబడతారు గానీ, దానిలో గుర్తుల భాగం వేరుగా ఉంది, ₹ అక్కడ ఉంటుంది. ఫోన్లలో ఈ తలనొప్పి తక్కువ. అక్కడ మీటలు కూడా తెర మీద గీసిన బొమ్మలే కాబట్టి ముద్రకూ అమరికకూ మధ్య తేడా రాదు.

ఆల్ట్ సంఖ్యలు: సున్నతో ఒకటి, సున్న లేకుండా ఇంకొకటి

విండోస్ వాడే పాతకాపులు గుర్తుల కోసం ఆల్ట్ పట్టి కుడివైపు అంకెల పలక మీద సంఖ్య కొడతారు. టైపింగ్ కేంద్రాల్లో ఈ సంఖ్యల పట్టీ గోడకు అంటించి ఉండటం నేను చూశాను. ఈ పద్ధతి ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, ముందు సున్న ఉందా లేదా అన్నది. ఆల్ట్ పట్టి 163 కొడితే నెత్తిన గీత ఉన్న ఒక యూరప్ "యు" అక్షరం పడుతుంది. 0163 కొడితే £ పడుతుంది. సున్న లేని సంఖ్యను విండోస్ 1981 నాటి తొలి ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ అక్షరాల పట్టికలో వెతుకుతుంది. సున్నతో మొదలైతే విండోస్ సొంత పట్టికలో వెతుకుతుంది. పాత పట్టికలో £ సంఖ్య 156, కొత్తదానిలో 163. డిగ్రీ గుర్తు ° పాతదానిలో 248, కొత్తదానిలో 176. అందుకే ఒకరు 248 అని, ఇంకొకరు 0176 అని చెబుతారు. ఇద్దరూ సరైనవారే.

రెండో కారణం ఇంకా వింతగా ఉంటుంది. ఈ పాత పట్టికలు రెంట్లోనూ 256 స్థానాలే ఉన్నాయి. ₹ సంఖ్య 8377. పాత నోట్‌ప్యాడ్‌లో ఆల్ట్ పట్టి 8377 కొడితే విండోస్ దాన్ని 256తో భాగించి శేషం తీసుకుంటుంది. 256 ను 32 తో గుణిస్తే 8192. 8377 నుంచి అది తీసేస్తే 185. పాత పట్టికలో 185వ స్థానంలో ఉన్నది పట్టికల గీతలు గీయడానికి వాడే ╣ అనే ముక్క. ₹ కొట్టబోయి ఈ గీతల ముక్క చూసినవారు ఎందరో ఉంటారు. మైక్రోసాఫ్ట్ వర్డ్ మాత్రం పెద్ద సంఖ్యలనూ అర్థం చేసుకుంటుంది, కాబట్టి అదే 8377 అక్కడ ₹ గా పడుతుంది. వర్డ్‌లో ఇంతకంటే సులువైన దారి ఉంది. 20బి9 అని, బి అక్షరం ఇంగ్లిష్‌లో కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ నొక్కితే ఆ నాలుగు అక్షరాలూ ₹ గా మారిపోతాయి. ఏ గుర్తు వెనుకనే కర్సర్ ఉంచి ఆల్ట్, ఎక్స్ నొక్కినా దాని సంఖ్య బయటపడుతుంది. తెలియని గుర్తును గుర్తుపట్టడానికి ఇది చాలా పనికొస్తుంది. లినక్స్‌లో చాలాచోట్ల, క్రోమ్‌బుక్‌లో కూడా, కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కితే ఇదే పని జరుగుతుంది.

సన్నని ల్యాప్‌టాపుల్లో కుడివైపు అంకెల పలకే ఉండదు. పై వరుస అంకెలతో ఆల్ట్ సంఖ్యలు పనిచేయవు. ఎస్పీ రోడ్డులో దొరికే చిన్న ల్యాప్‌టాపులు చాలావరకు ఇలాంటివే కాబట్టి, గోడ మీది పట్టీ అక్కడ అక్కరకు రాదు.

పెట్టె, ప్రశ్నార్థకం, పిచ్చి అక్షరాలు

గుర్తు సరిగ్గా కొట్టినా గమ్యం చేరేసరికి చెడిపోవచ్చు. చెడిన తీరు చూస్తే ఎక్కడ చెడిందో చెప్పవచ్చు.

ఒక అద్దె ఒప్పందం ఉదాహరణగా తీసుకుందాం. బెంగళూరులో ఇల్లు మారిన ప్రతిసారీ పదకొండు నెలల ఒప్పందం రాయించడం మనవాళ్లకు అలవాటే. ఇంట్లో తయారుచేసిన ఫైలును ప్రింటు దుకాణంలో తెరిస్తే అద్దె మొత్తం ముందు ఖాళీ గళ్లపెట్టె కనిపించిందనుకోండి. సంకేత సంఖ్య క్షేమంగానే ఉంది. ఆ కంప్యూటర్ ఫాంటులో బొమ్మ లేదు, అంతే. విండోస్ 7 విడుదలైంది 2009లో, గుర్తు పుట్టింది 2010లో. తరువాత వచ్చిన అప్‌డేట్ వేసుకోని పాత యంత్రాల్లో ఆ బొమ్మ ఉండే అవకాశమే లేదు. ఫాంటు మారిస్తే, లేదా ఇంట్లోనే పీడీఎఫ్ చేసి ఇస్తే గుర్తు కనబడుతుంది.

అదే చోట ప్రశ్నార్థకం వస్తే సంగతి వేరు. ఎవరో ఆ ఫైలును పాత 256 స్థానాల పద్ధతిలో దాచారు. దాని పట్టికలో ₹ లేదు కాబట్టి కంప్యూటర్ ఆ చోట ? పెట్టి దాచేసింది. ఇప్పుడు ఫైలులో ఉన్నది నిజంగా ప్రశ్నార్థకమే. ఫాంటు మార్చినా తిరిగి రాదు, మళ్లీ కొట్టాల్సిందే.

మూడో రకం చూడటానికి భయపెడుతుంది గానీ నష్టం తక్కువ. బ్యాంకు నుంచి దించుకున్న లావాదేవీల ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే ₹ ఉండాల్సిన చోట టోపీ పెట్టిన ఇంగ్లిష్ "ఎ", కామాలాంటి గీత, పైకెక్కిన చిన్న 1, ఈ మూడూ పక్కపక్కన కనిపిస్తాయి. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ₹ ను మూడు ముక్కలుగా దాస్తారు. చదివే ప్రోగ్రాం ఆ మూడింటినీ మూడు వేర్వేరు అక్షరాలని పొరబడింది. ఫైలును తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే గుర్తు మళ్లీ ఒకటవుతుంది.

ఫోన్ సందేశాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇన్నేళ్లయినా చాలా సందేశాల్లో ₹ బదులు ఇంగ్లిష్ పొట్టి రూపమే కనిపించడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. ఎస్సెమ్మెస్ మూల అక్షరమాలలో ₹ లేదు. ఆ అక్షరమాలతో ఒక సందేశంలో 160 అక్షరాలు పడతాయి. దానిలో లేని గుర్తు ఒక్కటి చేరినా సందేశం మొత్తం వేరే పద్ధతికి మారి 70 అక్షరాలకే పరిమితమవుతుంది. 150 అక్షరాల ఇంగ్లిష్ సందేశం మామూలుగా ఒక్క ఎస్సెమ్మెస్. అందులో ఒక ₹ పెడితే, ముక్కలను కలిపే సమాచారానికి కొంత చోటు పోయి, ముక్కకు 67 అక్షరాల చొప్పున మూడు ఎస్సెమ్మెస్‌లు అవుతాయి. కోట్ల సందేశాలు పంపేవారికి ఆ లెక్క చిన్నది కాదు.

తెలుగులో కనిపించని మీట

"జయనగర్‌లో" అని రాయాలనుకుంటాం. "జయనగర్లో" అని పడుతుంది. యూనికోడ్ తెలుగులో పొల్లు తరువాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చాలన్నది నియమం. "అమ్మ", "కర్ర" రాయడానికి ఆ నియమమే ఆధారం. ఊళ్ల పేర్లు, ఇంగ్లిష్ మాటలు పొల్లుతో ముగిసి విభక్తి తగిలినప్పుడు మాత్రం ఒత్తు వద్దని చెప్పాలి. అలా చెప్పే గుర్తు ఒకటి ఉంది. దానికి వెడల్పు లేదు, రూపం లేదు, తెర మీద కనబడదు. యూనికోడ్ సంఖ్య 200సి. వర్డ్‌లో పొల్లు కొట్టాక ఆ సంఖ్య కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే అది చేరుతుంది. పత్రికల్లో "హైదరాబాద్‌లో" అని విడిగా చూడటానికి అలవాటుపడిన కంటికి ఒత్తు రూపం తప్పులా కనిపిస్తుంది. అయితే తెలుగులో అత్యంత అవసరమైన గుర్తుల్లో ఒకటి ఏ మీట మీదా ముద్రించి ఉండదు.

కనబడని ఈ గుర్తుకు ఎంత బలం ఉందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. తెలుగు "జ్ఞ", ఈ గుర్తు, దీర్ఘం ఒక వరుసలో చేరిన అక్షరం ఐఫోన్‌లో తెరుచుకుంటే ఆ యాప్ మూసుకుపోయేది. దాన్ని గీసే ప్రోగ్రాంలో ఉన్న లోపం అది. ఆపిల్ అదే నెలలో 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అప్పట్లో కొన్ని వార్తలు తెలుగు అక్షరమే ప్రమాదకరమన్నట్టు రాశాయి. అది నాకు బాధ కలిగించింది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీయవలసిన నాలుగో మజిలీది.

ఒకేలా కనిపించి వేరైన గుర్తులు తెలుగులో మరో చిక్కు. "తండ్రి", "త౦డ్రి" ఈ రెండు మాటల్లో తేడా కంటికి ఆనదు. మొదటిదానిలో ఉన్నది అనుస్వారం, రెండోదానిలో ఉన్నది తెలుగు అంకె సున్న. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు సంఖ్యలు. రెండోది రాసిన వ్యాసం వెతికినా దొరకదు. ఇంగ్లిష్ వైపు డిగ్రీ గుర్తుకూ ఇదే గతి. మ్యాక్‌లో ఆప్షన్, షిఫ్ట్, 8 కలిపితే అసలైన ° వస్తుంది. ఆప్షన్, 0 కలిపితే దాన్ని పోలిన º వస్తుంది. అది స్పానిష్‌లో "మొదటి, రెండో" అని వరుస చెప్పడానికి వాడేది.

కొన్ని అక్షరాలకు సంఖ్య రావడమే ఆలస్యమైంది. దంత్య ఉచ్చారణను చూపే ౘ, ౙ 2008లో యూనికోడ్‌లో చేరాయి. పాత ముద్రిత పుస్తకాల్లో పదం చివర కనిపించే నకార పొల్లుకు 2021లో వచ్చిన 14.0 వెర్షన్‌లో గానీ చోటు దొరకలేదు. ఆ అక్షరాన్ని ఇక్కడ వేస్తున్నాను: ౝ. మీకు గళ్లపెట్టె కనిపిస్తే, మీ ఫాంటులో ఆ బొమ్మ ఇంకా చేరలేదన్నమాట.

ఇన్‌స్క్రిప్టా, ఉచ్చారణ పద్ధతా

తెలుగు కొట్టడానికి రెండు ప్రధాన మార్గాలున్నాయి, వాటి మీద వాదన పాతదే. కేంద్ర ప్రభుత్వం 1986లో ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో భారతీయ లిపులన్నిటికీ ఒకే చోట్లు. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. కె మీట మీద క, డి మీట మీద పొల్లు. "క్క" కావాలంటే కె, డి, కె. బెంగళూరులో ఉండి తెలుగు, కన్నడ రెండూ రాసేవారికి దీని విలువ బాగా తెలుస్తుంది. కన్నడకు మారినా వేళ్లు అవే చోట్లకు వెళ్తాయి. యూనికోడ్‌లో కూడా ఈ రెండు లిపులూ పక్కపక్క ఇళ్లే. తెలుగు "క" సంఖ్యకు 128 కలిపితే కన్నడ "క" వస్తుంది.

రెండోది ఇంగ్లిష్ అక్షరాల ఉచ్చారణను బట్టి తెలుగు కొట్టడం. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. కన్నడవారు తమ భాషకు ఈ దారిలోనే కె.పి. రావు రూపొందించిన అమరికను విస్తృతంగా వాడుతున్నారు. ఇన్‌స్క్రిప్ట్ సమర్థకులు తక్కువ మీటలతో పని అవుతుందని, తెలుగు రాయడానికి ముందు ఇంగ్లిష్‌లో ఆలోచించనక్కరలేదని అంటారు. ఉచ్చారణ పద్ధతిని ఇష్టపడేవారు రోజంతా ఇంగ్లిష్‌లో పనిచేసే చేతికి రెండో అమరిక నేర్పడం భారమని, పైగా కీబోర్డుల మీద తెలుగు ముద్రలు దొరకడం అరుదని అంటారు. రెండూ నిజాలే. రోజూ పేజీలకు పేజీలు రాసేవారికి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి పెట్టిన వారాలు తిరిగి వస్తాయి. వాట్సాప్‌లో అమ్మకు నాలుగు మాటలు రాసేవారికి ఆ శ్రమ అనవసరం.

గుర్తుల విషయంలో నా మొగ్గు అమరిక మార్చుకోవడం వైపే. ఆల్ట్ సంఖ్యలు జ్ఞాపకం ఉన్నవారికి వేగంగానే పనిచేస్తాయి, కానీ ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి వెళ్తే ఆ విద్య వెంట రాదు. గుర్తుల పలక ఎక్కడైనా దొరుకుతుంది, నెలకోసారి కావలసిన గుర్తుకు అది చాలు. రోజుకు ఇరవై సార్లు ₹ కొట్టే లెక్కల ఉద్యోగికి మాత్రం అది నాలుగో అంకె మీద, వేలి కింద ఉండాలి.

మా తమ్ముడికి మొదట బ్రిటన్ అమరిక పెట్టిచ్చాను. ముద్రించినవన్నీ ముద్రించినట్టే వచ్చాయి. వారం తరువాత మళ్లీ ఫోన్ చేశాడు. ఆఫీసులో అమెరికా రకం, ఇంట్లో బ్రిటన్ రకం, చేతికి రెండూ కలగలిసిపోతున్నాయి, రూపాయి కొడితే యూరో వస్తోంది అన్నాడు. "ఇంగ్లిష్ ఇండియా" కు మార్చుకున్నాడు. ఆ ఆదివారం ఎస్పీ రోడ్డుకు వెళ్లి మీటల మీద అంటించే స్టిక్కర్ల కాగితం ఒకటి తెచ్చుకున్నాడు. 2 మీద @, 3 మీద #, ఎంటర్ వైపు @ ముద్రించి ఉన్న మీట మీద కోట్ గుర్తు అంటించాడు. కాగితంలో ₹ ఉన్న 4 లేదు. ఆ ఒక్కటీ తెల్ల స్టిక్కర్ మీద నల్ల పెన్నుతో తనే గీసుకున్నాడు.